మూడు సముద్రాలకి పన్నెండు వేల పాయింట్లు

విజయకుమారి టీచరుగారిని మా కొత్తపేటలో ఇప్పటికీ సగంమంది గీకుడు టీచరుగారనే అంటారు. ఎదురుగా కాదు లెండి, ఆవిడ వీధి మలుపు తిరిగాక. ఆవిడకీ తెలుసు. ఒకసారి నేనే నోరుజారి ఆవిడ ముందే అనేశాను. నాలిక కరుచుకునేలోపే, "పోన్లెండి అప్పాయమ్మగారూ, బాదుడు టీచరనడం కంటే నయమేగా" అని నవ్వేసింది.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు పటం గురించి చెప్పాలి. ఆవిడ హైస్కూల్లో సోషల్ చెప్పేది. భారతదేశం పటాన్ని బోర్డు మీద సుద్దముక్క ఎత్తకుండా ఒక్క గీతలో వేసేది. పైన కాశ్మీరు దగ్గర మొదలుపెట్టి, గుజరాతు బొడిపె చుట్టి, పడమటి ఒడ్డంట సర్రున దిగి, అడుగున కన్యాకుమారి దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మనవైపు ఒడ్డంట పైకొచ్చేది. అంత బాగా వేసే మనిషి తిరిగిందెంతా అంటే, అటు తుని, ఇటు విజయవాడ. అంతే. భర్త జాషువాగారిది లొల్ల లాకుల దగ్గర ఉద్యోగం. కాలవలో నీళ్ళున్నన్నాళ్ళూ ఆయన లాకులొదిలి రాలేరు. ఎండాకాలం కాలవలు కట్టేశాకే ఆయనకి సెలవు. ఆ నెలన్నరలో చుట్టాల పెళ్ళిళ్ళు, ఇంటికి సున్నాలు. ఇక ఊళ్ళు చూసేదెప్పుడు?

తొంభై రెండులో అనుకుంటాను, ఎనిమిదో తరగతిలో దుర్గాభవాని అనే పిల్ల లేచి నిలబడి ఒక ప్రశ్న అడిగింది. "టీచరుగారూ, కన్యాకుమారిలో మూడు సముద్రాలు కలుస్తాయన్నారు కదండీ. మరి మూడు నీళ్ళూ కలిసిపోతాయాండీ, విడివిడిగా కనపడతాయాండీ?"

పుస్తకంలో ఆ సంగతి లేదు. టీచరుగారు చూడలేదు. కానీ అంతర్వేది చూసింది. సఖినేటిపల్లి దాటి వెళితే అక్కడ అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర గోదారి నీళ్ళు ఒక రంగు, సముద్రం నీళ్ళు ఒక రంగు, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. అదే గుర్తొచ్చి, "విడివిడిగానే వుంటాయమ్మా, మూడూ మూడు రంగులు" అనేసింది. పిల్లలందరూ నోట్సుల్లో రాసుకున్నారు.

అనేసిన దగ్గర్నుంచీ ఆవిడకి లోపల ఏదో గుచ్చుకుంటూనే వుండేదట. ఏళ్ళు గడిచి, మరిచిపోయింది కూడా. దుర్గాభవాని పదో తరగతి అయ్యాక పెళ్ళి చేసుకుని బస్టాండు పక్కన టిఫిన్ కొట్టు పెట్టుకుంది. టీచరుగారు రోజూ అక్కడే బస్సెక్కేది. రెండు వేల నాలుగులో ఒక పొద్దున్న దుర్గాభవాని పెసరట్టు తిరగేస్తూ, ఆరేళ్ళ కూతురు లీలావతికి చెబుతోంది. "కన్యాకుమారిలో మూడు సముద్రాలు మూడు రంగులే. ఒకటి నీలం, ఒకటి పచ్చ, ఒకటి బూడిద. దేనికదే. ఇదిగో, మా టీచరుగారే చెప్పేరు. కదండీ?"

టీచరుగారు తింటున్న పెసరట్టు సగంలోనే వదిలేసి బస్సెక్కేసింది.

"నేను రంగుల పేర్లు కూడా చెప్పలేదండీ అప్పాయమ్మగారూ" అంది సాయంత్రం మా ఇద్దరి ఇళ్ళ మధ్య పిట్టగోడ దగ్గర నిలబడి. "రంగులు అదే కలిపేసింది. ఇంకో ఇరవయ్యేళ్ళకి ఆ పిల్ల తన పిల్లకి ఏం చెబుతుందో. నేను చూడకుండా చెప్పిన మాట, నన్ను దాటి వెళ్ళిపోతోందండి."

"చూసొచ్చెయ్యండి మరి" అన్నాను నేను, బజారుకి వెళ్ళిరమ్మన్నట్టు.

"నలుగురం. ఇంటి మీద లోను. శారోన్ రేప్పొద్దున్న ఇంటర్‌కొస్తుంది. జీతంలోంచి టిక్కెట్ల మాట ఎత్తనని ఆయనకి మాటిచ్చేను" అంది. నలుగురంటే ఆవిడ, జాషువాగారు, కూతురు శారోన్, అత్తగారు సలోమి. అత్తగారిని వదిలి వెళ్ళడమన్నది ఆ ఇంట్లో లేదు.

సరిగ్గా ఆ వారమే స్కూలుకి టై కట్టుకున్న కుర్రాడొకడు బేంకు తరఫున వచ్చాడు. స్టాఫ్‌రూములో అందరికీ క్రెడిట్ కార్డు ఫారాలు పంచాడు. మాస్టార్లందరూ, అప్పుల కార్డు మాకెందుకయ్యా అని ఫారం మడిచి దాంతో విసురుకున్నారు. టీచరుగారు మాత్రం వెనకపేజీలో చిన్న అక్షరాలు చదివి ఒకే ఒక్క మాట అడిగింది. "ఈ పాయింట్లంటే ఏంటి బాబూ?"

వంద రూపాయల సరుకు కార్డు మీద కొంటే రెండు పాయింట్లు. మూడు వేల పాయింట్లకి హైదరాబాదు నుంచి తిరువనంతపురానికి ఒక విమానం టిక్కెట్టు. మూడేళ్ళలోపు వాడుకోవాలి, లేకపోతే పోతాయి. తిరువనంతపురం నుంచి కన్యాకుమారి రెండు మూడు గంటల బస్సు. ఆవిడ అక్కడే సుద్దముక్కతో బల్ల మీద లెక్క వేసుకుంది. నలుగురికి పన్నెండు వేల పాయింట్లు. అంటే ఆరు లక్షల సరుకు.

"ఆరు లక్షలు ఎవరు కొంటారు టీచరుగారూ?" అని మాస్టార్లు నవ్వారు.

"నేనెందుకు కొంటానండీ? ఊరు కొంటుంది" అంది. సంతకం పెట్టేసింది.

ఊరు నిజంగానే కొంది. ఆ రోజుల్లో కొత్తపేటలో కార్డు గీకే మిషనెక్కడుంది? అమలాపురంలో నాలుగైదు పెద్ద షాపుల్లో వుండేది. మా వీధిలో ఎవరు ఫ్రిజ్జు కొన్నా, పెళ్ళి బట్టలు కొన్నా, టీచరుగారు ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళతో బస్సెక్కేసేది. వాళ్ళు డబ్బు ఆవిడ చేతిలో పెడతారు, ఆవిడ షాపులో కార్డు గీకుతుంది, మర్నాడు ఆ డబ్బు మొత్తం బేంకులో కట్టేస్తుంది. సరుకు వాళ్ళది, పాయింట్లు ఆవిడవి. ఒక్కటే షరతు. "ముందు డబ్బు నా చేతిలో పడాలి. తరవాతే గీకుడు. ఇది అప్పు కాదండి, ప్రయాణం" అనేది.

మొట్టమొదటి గీకుడు నా కుట్టుమిషనే. షాపాయన కార్డు చూసి మొహం చిట్లించాడు. "కార్డయితే వందకి రెండు రూపాయలు ఎక్కువవుద్దండి" అన్నాడు. టీచరుగారు సంచిలోంచి బేంకువాళ్ళిచ్చిన చిన్న పుస్తకం తీసి, ఎక్కువ తీసుకోకూడదన్న వాక్యం దగ్గర వేలు పెట్టి, అక్కడే స్టూలు మీద కూర్చుంది. "చదవండి. నాకేం తొందర లేదు" అంది. గంటసేపు కూర్చుంది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అడగడం మొదలుపెట్టారు. ఆయన తట్టుకోలేక అసలు రేటుకే గీకేశాడు. ఆ మిషను మీద నేను ఈ పూటకీ జాకెట్లు కుడుతున్నాను.

అందరూ ఒప్పుకున్నారని కాదు. మా మేనత్త కొడుకు వీరన్న ఒప్పుకోలేదు. కొబ్బరికాయల వ్యాపారం వాడిది, ఎప్పుడూ తువ్వాల్లో కట్టిన నోట్లు బొడ్లో వుంటాయి. "చేతిలో నోటు, ఎదురుగా వస్తువు. మధ్యలో ఈ అట్టముక్క ఏటండీ?" అనేవాడు. టీవీ కొన్నప్పుడు నేనెంత చెప్పినా ఆవిణ్ణి తీసుకెళ్ళలేదు.

సలోమి పెద్దమ్మకీ నమ్మకం లేదు. వరి కోతలకెళ్ళి కొడుకుని చదివించిన మనిషి. "అమ్మాయ్, ఒకరి డబ్బుతో ఒకరు కొంటే మనకి విమానం ఎందుకిస్తారే? ఇందులో ఎవరో ఏడుస్తూ వుండాలి" అనేది.

"ఎవరూ ఏడవరు అత్తయ్యగారూ. టైముకి కట్టనివాళ్ళ దగ్గర వడ్డీ లాగి, మనకి టిక్కెట్టిస్తారు."

"అదిగో, ఏడిసేవాళ్ళున్నారన్నానా!"

అలా దాదాపు మూడేళ్ళు. రెండు వేల ఏడు జనవరికి పన్నెండు వేలు నిండాయి. మార్చి ముప్ఫై ఒకటితో మూడేళ్ళ గడువు అయిపోతుంది, ఆలోపు టిక్కెట్లు తీసేసుకోవాలి. మే నెలలో కాలవలు కట్టేస్తారు, స్కూలుకి సెలవులు, శారోన్ పరీక్షలు అయిపోతాయి. ఆవిడ గోడ మీద క్యాలెండర్లో మే పద్ధెనిమిది చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టింది.

ఇక్కడ మా ఊరి మాట ఒకటి చెప్పాలి. మేము ఆయ్ అంటాం. మీరు చెప్పండి, నేను వింటున్నాను అనడానికి ఆయ్. ఔనా అనడానికి ఆయ్. నమస్కారం పెడితే ఆయ్. అలాగేనండీ అనడానికి కూడా ఆయే. అవతల మనిషి మాట్లాడుతుంటే రాయిలా నోరుమూసుక్కూర్చోవడం మాకు మర్యాద కాదు. ఏ ఆయ్ ఏదో మాకు గొంతులో తెలిసిపోతుంది.

జనవరిలో ఒక ఆదివారం. టీచరుగారింట్లో సెల్‌ఫోను సిగ్నలు పెరట్లో జామచెట్టు కిందే దొరికేది. నేను గోడకి ఇవతల తోటకూర వలుస్తున్నాను. ఫోను మోగింది, ఆవిడ చేతికంటిన పసుపూ కారం అలాగే వుంచుకుని జామచెట్టు కిందకి పరిగెత్తింది. అవతల మాట నాకు వినపడదుగా. ఇవతల మాత్రం వినపడింది. "ఆయ్... ఆయ్... ఆయ్... ఆయ్..." చివర్లో పక్కింటి కోడిపుంజు ఒకటే గోల. "ఆలోచించుకుని చెప్తానండీ" అని ఆవిడ అరిచింది. లైను తెగిపోయింది.

"ఎవరండీ?" అన్నాను.

"హైదరాబాదు నుంచి బేంకమ్మాయి. పాయింట్లకి పెట్టెలేవో ఇస్తామంటోంది. మనకెందుకండీ పెట్టెలు?" అని కోడికూర మాడిపోతోందని లోపలికి పోయింది.

పదిరోజుల తరవాత కొరియర్ ఆటో వచ్చింది. టీచరుగారు స్కూల్లో వుంది, సలోమి పెద్దమ్మ సంతకం బదులు వేలిముద్ర వేసి మూడు పెద్ద అట్టపెట్టెలు దింపించుకుంది. పెద్దదాన్ని విప్పితే లోపల చక్రాల సూట్‌కేసు. పెద్దమ్మ మురిసిపోయింది. ఏళ్ళతరబడి ఎలకల భయంతో అటకెక్కించిన దుప్పట్లన్నీ దింపి అందులో సర్దేసి, పైన నాలుగు కలరా వుండలు కూడా వేసింది. మిగతా రెండూ విప్పబోతుంటే నడుం పట్టేసి ఆగిపోయింది. ఆ నడుంనొప్పికి దణ్ణం పెట్టాలి.

సాయంత్రం టీచరుగారొచ్చి కాగితం చదివింది. అలాగే గుమ్మంలో కూలబడింది. పన్నెండు వేల పాయింట్లకి బదులుగా సూట్‌కేసుల సెట్టు, మీ ఫోను అంగీకారం ప్రకారం, అని రాసుందట.

"ప్రయాణం పోయి పెట్టెలొచ్చాయండి" అంది నన్ను చూసి. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. క్యాలెండర్లో ఎర్ర సున్నా వంక చూస్తూ కూర్చుంది.

ఫోను చేస్తే, మీరు అవునన్నారు మేడమ్, రికార్డింగు వుంది అన్నారట. "నేను అవునన్లేదండీ, ఆయ్ అన్నాను" అంటే, అదేగా మేడమ్ అన్నారట.

మర్నాడు సెలవు పెట్టి రాజమండ్రిలో వాళ్ళ కార్డుల ఆఫీసుకి బయల్దేరింది. తోడు నేనూ వెళ్ళాను, జామచెట్టు కింద మాటలు విన్న సాక్షిని కదా. అక్కడ ఆఫీసరు పేరు బాపిరాజుగారు. భీమవరం మనిషి. మొత్తం విని తల పట్టుకున్నాడు.

"నాకు తెలుసండీ టీచరుగారూ. మా అమ్మగారు టీవీలో వార్తలు చదివే ఆవిడక్కూడా ఆయ్ అంటారు. కానీ హైదరాబాదులో మా మేడంగారిది మనవైపు కాదు. ఆవిడకి నేనేమని చెప్పను?"

"చెప్పొద్దండీ. ఆ రికార్డు ఒక్కసారి పెట్టించండి చాలు."

ఆయన హైదరాబాదుకి ఫోను కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు. అవతల మేడంగారు రికార్డు వేశారు.

"నమస్తే మేడమ్, విజయకుమారిగారేనా?"

"ఆయ్."

"మీ పన్నెండు వేల పాయింట్లు మార్చితో అయిపోతాయి మేడమ్."

"ఆయ్."

"వాటికి బదులు మూడు సూట్‌కేసుల సెట్టు ఇస్తున్నాం. చాలా మంచి ఆఫర్ మేడమ్."

"ఆయ్."

"కన్‌ఫర్మ్ చేసేస్తున్నాను మేడమ్."

"ఆయ్..." ఆ తరవాత గరగర, కోడిపుంజు కూత.

"హలో మేడమ్? నా మాట మీకు వినపడట్లేదా?"

"ఆయ్."

మళ్ళీ గరగర, ఆవిడ ఆలోచించుకుని చెప్తానని అరిచిన మాట అందులోనే కలిసిపోయింది. అంతటితో అయిపోయింది.

"విన్నారుగా" అన్నారు అవతలి మేడంగారు. "కన్‌ఫర్మ్ అంటే మీరు అవునన్నారు."

టీచరుగారు క్లాసులో అడిగినట్టే నెమ్మదిగా అడిగింది. "అమ్మా, ఆఖరి ప్రశ్న ఏంటండీ?"

"నా మాట మీకు వినపడట్లేదా అని."

"దానికి నేనేమన్నాను?"

"ఆయ్ అన్నారు."

"ఆయంటే అవునే అయితే, నాకు వినపడట్లేదని నేనే ఒప్పుకున్నట్టు కదండీ. వినపడని మనిషికి పెట్టెలెలా అంటగట్టేరు? ఆయంటే అవును కాకపోతే, మొదటినుంచీ నేను ఒప్పుకోనట్టే. రెంట్లో ఏదో ఒకటి మీరే చెప్పండి."

బాపిరాజుగారు జేబురుమాలు నోటికడ్డం పెట్టుకున్నాడు. అవతల్నుంచి నవ్వు వినపడింది. "మీరు ఏం చెబుతారు మేడమ్, స్కూల్లో?"

"సోషలండీ."

"లెక్కలనుకున్నాను."

పెట్టెలు వెనక్కి పంపిస్తే పాయింట్లు తిరిగి వేస్తామన్నారు. విప్పనివాటికి మాత్రమే. అప్పుడు గుర్తొచ్చింది మా ఇద్దరికీ, దుప్పట్లూ కలరా వుండలూ. విప్పిన పెద్దపెట్టెకి మూడు వేల పాయింట్లు కోసుకుని తొమ్మిది వేలు తిరిగొచ్చాయి. తొమ్మిది వేలంటే మూడు టిక్కెట్లు.

ఆ రాత్రి భోజనాల దగ్గర సలోమి పెద్దమ్మ కంచంలో చెయ్యి కడిగేసుకుంది. "నేను రాను అమ్మాయ్. పెట్టె విప్పింది నేను. సముద్రం నేను అంతర్వేదిలో చూసేను, ఉప్పగానే వుంది. మీరు ముగ్గురూ వెళ్ళి రండి."

"మీరు రాకపోతే ఎవరమూ వెళ్ళం" అంది టీచరుగారు. అంతే, ఆ మాట మళ్ళీ ఎత్తనివ్వలేదు.

మార్చి నెల మా వీధి చూడాలి. ఎవరికేం కావలసినా టీచరుగారి గుమ్మంలోకే. ఫ్యాను కొందామనుకున్నవాళ్ళు రెండు కొన్నారు. చర్చివాళ్ళు మైకు సెట్టు ఈస్టర్‌కి ముందే కొనేశారు. సగం నిండింది. ఇంకా పదిహేను వందల పాయింట్లు, డెబ్భై అయిదు వేల సరుకు కావాలి. వీధిలో కొనేవాళ్ళు అయిపోయారు. నెలలో నాలుగు రోజులు మిగిలాయి.

మిగిలింది వీరన్న. కూతురికి ఏప్రిల్లో పెళ్ళి, బంగారం ఇంకా కొనలేదు. నేను వాళ్ళింటికెళ్ళి, "బావా, నీ దగ్గర ఏ రోజూ ఏమీ అడగలేదు" అని మొదలెట్టి మొత్తం చెప్పాను. వాడు తువ్వాలు దులుపుకుంటూ అన్నిటికీ ఆయ్ ఆయ్ అన్నాడు. తెలుసుగా, వింటున్నానని.

"రేపు అమలాపురం వెళ్తున్నాం. టీచరుగార్ని కూడా రమ్మను. రావడానికేం" అన్నాడు చివరికి.

బంగారం షాపులో పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. వాళ్ళావిడ హారం ఒకటి ఎంచింది, గాజులు ఎంచింది. బిల్లు డెబ్భై ఆరు వేల చిల్లర. గుమాస్తా బిల్లు రాస్తూ, "క్యాషాండీ, కార్డాండీ?" అన్నాడు.

"ఆయ్" అన్నాడు వీరన్న, హారం కొక్కెం ఎలా వేస్తారో చూస్తూ.

గుమాస్తా చెయ్యి చాచాడు. టీచరుగారు కార్డు బయటకి తీసింది. తీసి ఇవ్వలేదు. నేను మోచేత్తో పొడిచాను, ఇచ్చెయ్యండీ అని. ఆవిడ ఇవ్వలేదు.

"వీరన్నగారూ, ఒక్కమాట. ఇది విన్నానన్న ఆయ్యాండీ, అవునన్న ఆయ్యాండీ?"

షాపులో వున్న మావైపు వాళ్ళందరూ తలలు తిప్పారు. వీరన్న హారం బల్ల మీద పెట్టాడు. ఆవిడ చేతిలో కార్డు వంక, ఆవిడ మొహం వంక చూశాడు.

"టీచరుగారూ, ఆ బేంకోళ్ళు మిమ్మల్నడక్కుండానే మీ ఆయ్‌ని అవును చేసేసేరంట. మీకు ఇంత అవసరమెట్టుకుని, చేతిలో కార్డెట్టుకుని కూడా నన్ను అడిగేరు" అని, బొడ్లోంచి తువ్వాలు మూట తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "అవునన్న ఆయేనండి. గీకండి."

ఆ సాయంత్రమే డబ్బు బేంకులో కట్టేసింది. ముప్ఫయ్యో తారీకుకి పాయింట్లు ఎక్కాయి. ముప్ఫై ఒకటిన బాపిరాజుగారు నాలుగు టిక్కెట్లు తీసిచ్చారు.

ప్రయాణం సంగతులన్నీ నాకు పిట్టగోడ మీంచి పెద్దమ్మ చెప్పినవే. రాజమండ్రిలో రైలెక్కి హైదరాబాదు వెళ్ళి, బేగంపేటలో విమానం. దుప్పట్లు తీసేసిన ఆ పెద్దపెట్టే వెంట వెళ్ళింది. కొత్త వూరెళ్తూ చేతులూపుకుంటూ ఏం వెళ్తామని పెద్దమ్మ అందులో ఎండుకొబ్బరి చిప్పలు సర్దింది. ఎండుకొబ్బరి విమానంలోకి రానివ్వమని అక్కడ పోలీసులు ఆపేశారట. నూనె కదా, నిప్పంటుకుంటుందట. పారేయడానికి పెద్దమ్మకి మనసొప్పలేదు. వరసలో నిలబడ్డవాళ్ళందరికీ తలో చిప్ప పంచేసి, "అక్కడే తినెయ్యండి నాయనా, లోపలికి రానివ్వరంట" అని జాగ్రత్త చెప్పిందట. విమానం నేల దిగగానే "దేవునికి స్తోత్రం!" అని గట్టిగా అంటే, వెనక ఎక్కడో ఎవరో "ఆమేన్" అన్నారట. జాషువాగారు సిగ్గుపడి కిటికీలోకి మొహం పెట్టేసుకున్నారట. శారోన్ అది తలుచుకుని నవ్వని రోజు లేదు.

కన్యాకుమారిలో తెల్లవారుజామున ఒడ్డుకెళ్ళారు. టీచరుగారు చెప్పులు విప్పి రాళ్ళ మీదుగా చివరిదాకా వెళ్ళి నిలబడింది. పటంలో సుద్దముక్క ఆగే చోటు. సూర్యుడొచ్చాడు. తూర్పు చూసింది, దక్షిణం చూసింది, పడమర చూసింది. మళ్ళీ చూసింది. ఎటు చూసినా ఒకటే నీళ్ళు. గీత లేదు. నీలం లేదు, పచ్చ లేదు, బూడిద లేదు. అన్నీ కలిపి ఒకటే రంగు, అది కూడా మబ్బొస్తే మారిపోతోంది.

ఒడ్డున ఒకామె రంగురంగుల ఇసక పొట్లాలు కట్టి అమ్ముతోంది. ఎరుపు, పసుపు, నలుపు. "రంగులు ఇసకలో వున్నాయే అమ్మాయ్, నీళ్ళలో లేవు" అందట పెద్దమ్మ. టీచరుగారు చాలాసేపు అక్కడే కూర్చుని లేచిందట. లేచి పెద్దమ్మ చేతిలో వున్న మూడు ఖాళీ డ్రింకు సీసాలు తీసుకుంది. ఒకటి తూర్పువైపు ముంచింది, ఒకటి దక్షిణంవైపు, ఒకటి పడమటివైపు. తిరుగు ప్రయాణం రైల్లో, రెండు రాత్రులు. సీసాలు ఒళ్ళో పెట్టుకునే వచ్చింది.

వచ్చిన మర్నాడే బస్టాండుకెళ్ళింది. సెలవులు, బస్సు ఎక్కే పనేమీ లేదు. నేను వెనకే వెళ్ళాను, వదులుతానా? దుర్గాభవాని కొట్టులో బల్ల మీద మూడు సీసాలూ వరసగా పెట్టింది.

"దుర్గాభవానీ, నేను నీకు తప్పు చెప్పేనమ్మా. పదిహేనేళ్ళయింది. నేను చూడకుండా చెప్పేను. మూడు సముద్రాలకీ ఒకటే రంగు. ఇదిగో."

దుర్గాభవాని అట్లకాడ పట్టుకుని నిలబడిపోయింది. "దీనికోసం అంతదూరం వెళ్ళేరాండీ?"

"దీనికోసమేనమ్మా."

తొమ్మిదేళ్ళ లీలావతి సీసాలు ఒక్కొక్కటీ ఎత్తి వెలుతురుకి పట్టి చూసింది. బల్ల మీద అటూ ఇటూ మార్చి పెట్టింది. మళ్ళీ చూసింది.

"అయితే టీచరుగారూ, ఒక సముద్రం ఎక్కడ అయిపోద్దో, ఇంకోటి ఎక్కడ మొదలవుద్దో ఎలా తెలుస్తుందండీ?"

పుస్తకంలో ఆ సంగతి లేదు. టీచరుగారు చూసొచ్చింది కానీ, ఆ చోటు కనపడలేదు. ఒక్క క్షణం ఆలోచించింది.

"నాకు తెలీదమ్మా" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూశాను నేను. మూట దింపుకున్న మనిషిలా వుంది.

"ఆయ్" అంది లీలావతి. విన్నానన్న ఆయే. దుర్గాభవాని పెనం మీద నీళ్ళు చిలకరించి, అల్లం ఎక్కువేసి రెండు పెసరట్లు పోసింది. ఒకటి నాకు. డబ్బులిస్తే తీసుకోలేదు.